రౌడీషీట్ తెరిచాక ఏం చేస్తున్నాం?

హైదరాబాద్‌లో పండుగో ఎన్నికో దగ్గర పడిందంటే చాలు, స్టేషన్లకు రౌడీషీటర్లను పిలిపిస్తారు. వరసగా నిలబెట్టి హెచ్చరిస్తారు, కొందరిని బైండోవర్ చేస్తారు, అంటే గొడవలకు పోమని పూచీకత్తు రాయించుకుంటారు. మర్నాడు పేపర్లో ‘కౌన్సెలింగ్ ఇచ్చారు’ అని వస్తుంది. అతనికి పని దొరికిందా, తాగుడు తగ్గిందా, ఎవరితో తిరుగుతున్నాడు అన్న సంగతులు అక్కడ ఎవరు కనుక్కుంటున్నారు? మనిషి మళ్లీ నేరం వైపు వెళ్తాడా లేదా అన్నది చాలావరకు తేలేది వాటి దగ్గరే.

ఇది నా ఊహ కాదు. నేరస్తులతో పనిచేసేవాళ్లు మూడు విషయాలు చూడాలని 1990లో ఆండ్రూస్, బొంటా తదితర కెనడా పరిశోధకులు సూత్రీకరించారు. మళ్లీ నేరం చేసే ముప్పు ఎంత, ఆ ముప్పుకు మూలం ఏమిటి, ఏ పద్ధతిలో చెబితే ఇతనికి ఎక్కుతుంది. వాళ్లు చెప్పిన ఇంకో ముఖ్యమైన మాట ఉంది. ముప్పు తక్కువ ఉన్నవాడి మీద పెద్ద శిక్షణ, పెద్ద నిఘా పెడితే మేలు జరగదు సరికదా, కీడు జరగవచ్చు. మొదటిసారి సెల్‌ఫోన్ కొట్టేసి దొరికిన పంతొమ్మిదేళ్ల కుర్రాడు చంచల్‌గూడ జైల్లో పాత నేరస్తుల మధ్య రిమాండ్‌లో గడిపితే ఏమవుతుంది? కాలేజీ పోతుంది, చేస్తున్న చిన్న పని పోతుంది. లోపల దొరికిన స్నేహాలు మాత్రం బయటికొచ్చినా మిగులుతాయి.

మన చట్టానికి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. దోషిని జైలుకు బదులు పర్యవేక్షణలో బయట ఉంచే వీలిచ్చే 1958 నాటి ప్రొబేషన్ చట్టం ప్రకారం, యావజ్జీవం పడేంత నేరం కాకపోతే 21 ఏళ్ల లోపు దోషిని జైలుకు పంపే ముందు కోర్టు ప్రొబేషన్ ఆఫీసర్ నివేదిక తెప్పించుకోవాలి, పంపితే కారణం రాయాలి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, అయిదు వేల లోపు సొత్తు దొంగిలించి, తిరిగి ఇచ్చేసి, మొదటిసారి దోషిగా తేలినవాడికి సమాజ సేవే శిక్ష. బాగుంది. కానీ ఆ సేవ ఎక్కడ, ఎవరి కింద చేయాలి, అతనితో కూర్చుని మాట్లాడేది ఎవరు? దానికి శిక్షణ పొందిన మనిషి కావాలి. స్టేషన్లో ఖాళీగా ఉన్న కానిస్టేబుల్‌కు అప్పజెప్పి చేతులు దులుపుకునే పని కాదు.

రౌడీషీట్ల విషయానికొస్తే, నేరాలు ఎక్కువగా చేసేది యవ్వనంలో, వయసు ముదిరేకొద్దీ మానేసేవాళ్లే ఎక్కువ. బోస్టన్‌లో నేరాలు చేసిన 500 మంది బాలుర జీవితాలను డెబ్బయ్యేళ్ల వయసు దాకా పరిశీలించిన అమెరికా పరిశోధకులు శాంప్సన్, లాబ్ తేల్చిందేమిటంటే, నిలకడైన ఉద్యోగం, మంచి కాపురం చాలామందిని దారి మళ్లించాయి. షీట్ ఉందని తెలిస్తే అద్దె ఇల్లు దొరకదు, సెక్యూరిటీ గార్డు ఉద్యోగమూ దొరకదు. మనిషిని మార్చే ఆ రెండు దారులనూ మనమే మూసేస్తున్నాం. ఏటా ప్రతి షీట్‌నూ శిక్షణ ఉన్నవాళ్లు మదింపు చేసి, మూయదగినవి మూసేయాలి.

బాధితుల వైపు మన నిర్లక్ష్యం ఇంకా పెద్దది. ఒకసారి దోపిడీకి గురైన ఇల్లు, ఒకసారి దెబ్బలు తిన్న భార్య మళ్లీ బాధితులయ్యే అవకాశం మిగతావాళ్ల కంటే ఎక్కువ. 1980లలో ఇంగ్లండ్‌లోని కిర్క్‌హోల్ట్ కాలనీలో దొంగలు పడిన ఇళ్లకే ముందుగా తాళాలు బిగించి, ఇరుగుపొరుగును కాపు పెట్టారు. దొంగతనాలు బాగా తగ్గాయి.

2019 నవంబరులో శంషాబాద్ దగ్గర అత్యాచారానికి, హత్యకు గురైన పశువైద్యురాలి కుటుంబం ఆ రాత్రి తమను పరిధి పేరుతో ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కు తిప్పారని చెప్పింది. కేసు నమోదులో జాప్యానికి ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. తర్వాత నిందితులను ఎన్‌కౌంటర్ చేసిన పోలీసుల మీద పూలు చల్లిన మనం ఆ పోయిన గంటల గురించి అంతగా మాట్లాడలేదు. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదే.

హింసకు గురైన మహిళలు, పిల్లల కోసం హైదరాబాద్‌కు 2016 నుంచి భరోసా కేంద్రం ఉంది. వైద్యం, న్యాయసాయం, కౌన్సెలింగ్ ఒకేచోట దొరకడం నిజంగా మంచి పని. ఆ తీరు మామూలు స్టేషన్‌దాకా రావాలి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లో బాధితులకు చెప్పాలని కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అంటోంది. బెయిల్ విచారణ సహా ప్రతి దశలో బాధితుల మాట వినాలని సుప్రీంకోర్టు 2022లోనే చెప్పింది. కొట్టిన భర్త బెయిల్‌పై వచ్చాడన్న సంగతి భార్యకు అతను తలుపు కొట్టినప్పుడు తెలియకూడదు. నాంపల్లి కోర్టులో ఆర్డర్ వచ్చిన సాయంత్రమే ఆమెకు ఫోన్ వెళ్లాలి. ఆ ఫోన్ చేయాల్సింది ఎవరో స్టేషన్ డ్యూటీ చార్టులో పేరుతో సహా రాసి ఉండాలి.