నిజానికి శాలువా కప్పిన మా కాలనీ

ఫార్వర్డెడ్ యాజ్ రిసీవ్డ్. మెసేజ్ కింద ఈ మూడు ముక్కలు తగిలిస్తే పైన ఏం రాసినా పాపం అంటదని మా కాలనీ పెద్దల గట్టి నమ్మకం. రెండువేల నోట్లో చిప్ ఉందని పంపిందీ వీళ్ళే, ఆ నోటు 2016లో వచ్చింది, 2023లో ఆర్‌బీఐ వెనక్కి తీసేసుకుంది కూడా, చిప్ మాత్రం ఏ శాటిలైట్‌కీ దొరకలేదు, అయినా ఎవరూ సారీ చెప్పలేదు, ఎందుకు చెప్తారు, రిసీవ్డ్ కదా.

అలాంటి కాలనీలో మొన్న ఫేక్ న్యూస్ మీద పోరాటానికి కమిటీ వేశారు. నవ్వకండి. ప్రెసిడెంటు, ఇద్దరు వైస్ ప్రెసిడెంట్లు, సెక్రటరీ, ట్రెజరర్ (ఫేక్ న్యూస్‌కి ట్రెజరర్ దేనికో నన్నడగొద్దు), ఇంకా గౌరవ సలహాదారులు. ఫ్లెక్సీ నిండా వాళ్ళ మొహాలే, మిగిలిన జాగాలో చిన్న అక్షరాలతో "నిజం" అని ఉంది. ఫ్యాన్ వేస్తే దీపం ఆరిపోతోంది, ఆపితే ఉక్క, జ్యోతి ప్రజ్వలన దీని మీదే చాలాసేపు ఆగింది. చివరికి ముఖ్య అతిథి మైకందుకుని, మన జాతీయగీతాన్ని ప్రపంచంలోనే బెస్ట్ అని యునెస్కో ప్రకటించిన ఈ శుభ తరుణంలో, అని మొదలెట్టారు. చప్పట్లే చప్పట్లు. వెనకనుంచి ఒక డిగ్రీ చదివే పిల్ల లేచి, సార్ యునెస్కో అలాంటిదేం చెప్పలేదు, అది ఫేక్ అంది. హాలు హాలంతా తిరిగి "ఎవరమ్మాయండీ?" అని వాకబు చేసింది గానీ "అవునా?" అన్నవాడు ఒక్కడు లేడు. సెక్రటరీ గారు తేరుకుని, అభ్యంతరాలుంటే రాతపూర్వకంగా ఇవ్వమ్మా, సబ్‌కమిటీకి పెడతాం అన్నారు. తర్వాత సన్మానం. శాలువా ఒకటి తక్కువైతే ప్రెసిడెంటు గారి భుజం మీది నుంచి తీసి ఇంకొకాయనకి కప్పి, ఫొటో అయ్యాక మళ్ళీ ప్రెసిడెంటు గారికే కప్పారు. సమోసాలతో నిజం ముగిసింది.

2020 ఫిబ్రవరిలో చికెన్ తింటే కరోనా అన్న పుకారు పోగొట్టడానికి మంత్రులే నెక్లెస్ రోడ్డులో స్టేజీ ఎక్కి లెగ్ పీసులు కొరికారు, దాని ముందు ఇదెంతలెండి.

కానీ 2018 సంగతి ఈ సభలో ఒక్కడూ ఎత్తలేదు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగిందని తిరిగిన వీడియో గుర్తుందా? అది పిల్లలు జాగ్రత్త అని పాకిస్తాన్‌లో తీసిన అవగాహన వీడియో. చివర్లో బైకు మీదోళ్ళు పిల్లాణ్ణి తెచ్చి దింపేసి బోర్డు చూపిస్తారు. ఆ చివరి ముక్క ఎవడో కోసేశాడు. ఆ పుకార్ల మధ్యే చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళని కొట్టి చంపారు. బీదర్ దగ్గర పిల్లలకి చాక్లెట్లు పంచిన పాపానికి మన హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కుర్రాణ్ణి చంపారు. చాక్లెట్లండీ! ఆ వీడియో మా గ్రూపులో పెట్టినాయన ఎవరో తెలుసా, రిటైర్డ్ హెడ్మాస్టరు. ఇప్పుడు కమిటీలో గౌరవ సలహాదారు. ఆ రోజు శాలువా ఆయనకీ కప్పారు. సిగ్గుండాలి, ఆయనకి కాదు, చప్పట్లు కొట్టిన మనకి.

అదే ఏడాది గద్వాల, వనపర్తి వైపు అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి ఊరికో పోలీసుని పెట్టారు. వాళ్ళు గడప గడపకీ వెళ్ళి మీ ఫోన్లో వచ్చింది చూపించండి అన్నారు, సర్పంచుల్ని కలుపుకున్నారు, ఊళ్ళల్లో డప్పు కొట్టి పాటలు కట్టి మరీ చెప్పారు. అక్కడ ఆ పుకార్లకి ఒక్క ప్రాణం పోలేదు. మావాళ్ళకి మాత్రం పక్క ఫ్లాట్ బెల్లు కొట్టి "అంకుల్, మీరు పంపింది అబద్ధం" అనడానికి నోరు రాదు, రిలేషన్స్ పాడవుతాయట.

కమిటీ తర్వాతి ఎజెండా ఓటరు చైతన్యం. మావాళ్ళకి అనుభవం ఉంది మరి. 2020లో జీహెచ్‌ఎంసీ ఎన్నికలు డిసెంబర్ 1న వచ్చాయి, శని ఆదివారాలు, మధ్యలో కార్తీక పౌర్ణమి, ఆపైన పోలింగ్ సెలవు. సిటీలో సగం మంది కూడా ఓటెయ్యలేదు. మా ట్రెజరర్ గారు మాత్రం పొద్దున్నే ఏడింటికల్లా "ఓటు మన హక్కు, కదలండి" అని గ్రూపులో పోస్టర్ పెట్టారు, దాని వెనకాలే ఫ్యామిలీ ఫొటోలు కూడా, అరకు కాఫీ తోటల్లో.