వేపాకు వేసిన రెసిస్టర్లు

ఒంగోలు నుంచి మా అత్తయ్యగారు పది రోజులు ఉండడానికి వస్తున్నారని తెలిసిన రోజు మా ఆవిడ నన్ను వంటింట్లోకి పిలిచి ఒక్క మాటే చెప్పింది.

"అమ్మ ఆ గదిలో పడుకుంటుంది."

ఆ గది అంటే బెంగళూరు కగ్గదాసపురలో మా రెండు బెడ్‌రూముల ఫ్లాటులో రెండోది. పేరుకి బెడ్‌రూమే గానీ అందులో మంచం కంటికి కనిపించి మూడేళ్ళు దాటింది. నేను హ్యామ్‌ని. అంటే కేంద్ర ప్రభుత్వం పెట్టే పరీక్ష రాసి, లైసెన్సు పుచ్చుకుని, వీయూ3తో మొదలయ్యే కాల్ సైన్ సంపాదించుకున్న అమెచ్యూర్ రేడియో మనిషిని. రాత్రిపూట ఆ కాల్ సైన్ చెప్పి పిలిస్తే సముద్రాల అవతల నుంచి ఎవరో ఒకరు పలుకుతారు. పగటిపూట ఇంట్లో పిలిస్తే ఎవరూ పలకరు.

మంచం మీద రెండు పాత సెట్లు, ఒక 13.8 వోల్టుల పవర్ సప్లై, యాంటెన్నాకి కలిపే కోయాక్స్ కేబులు ఆరేడు చుట్టలు. మంచం కింద బిస్కెట్ల రేకు డబ్బాలు, హార్లిక్స్ సీసాలు, పెళ్ళిళ్ళలో ఇచ్చిన స్వీటు బాక్సులు. వాటి నిండా విడిభాగాలు. చూసేవాళ్ళకి అది చెత్తలా ఉండేదేమో గానీ, కరెంటు పోయినప్పుడు కూడా చేయి పెట్టి కావలసింది తీసేవాణ్ణి. కాజాల బాక్సులో ట్రాన్సిస్టర్లు, లడ్డూ బాక్సులో ఫ్యూజులు. ఏ పెళ్ళి ఎవరిదో మరిచిపోయాను గానీ ఏ బాక్సులో ఏముందో ఎన్నడూ మరిచిపోలేదు.

"ఏడాదిగా వాడనిది ఏదీ ఇంట్లో ఉండకూడదట," అంది మా ఆవిడ. ఆ లెక్కన బీరువాలో పట్టుచీరలు ఎన్ని మిగులుతాయో అడుగుదామని నోటిదాకా వచ్చింది. మింగేశాను. దాని బదులు, 2004 సునామీ వచ్చినప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లో భారతీ ప్రసాద్ అనే హ్యామ్ ఫోన్లు పనిచేయని చోట రేడియో పట్టుకుని ఎందరి కబుర్లు ఇళ్ళకి చేర్చారో గంభీరంగా చెప్పాను. మా ఆవిడ శ్రద్ధగా వింది.

"ఆవిడ సామాన్లు ఎక్కడ పెట్టుకుంటారో కనుక్కోండి," అంది.

అసలు ఇంత సామాను చేరడంలో నా తప్పు సగమే. మిగతా సగం బెంగళూరు ఎలక్ట్రానిక్ విడిభాగాల బజారు ఎస్‌పి రోడ్డుది. అక్కడ ఒక్క రెసిస్టరు, అంటే కరెంటుని కాస్త అడ్డే పుల్లలాంటి భాగం, కావాలని అడిగితే కొట్టువాడు మన వంక జాలిగా చూసి వంద ఉన్న పాకెట్టు చేతిలో పెడతాడు. ఒకటి వాడితే తొంభై తొమ్మిది మిగలాలి. నిజానికి వందా మిగులుతాయి, ఎందుకంటే ఇంటికొచ్చేసరికి ఆ సర్క్యూట్ మీద మోజు పోయి ఇంకోదాని మీదకి మనసు మళ్ళుతుంది. దానికి కావలసింది మళ్ళీ ఎస్‌పి రోడ్డులోనే ఉంటుంది.

సరే, సర్దుదామని నిశ్చయించుకున్నాను. ప్లాస్టిక్ సామాన్ల హోల్‌సేల్ కొట్టుకి ఇద్దరం వెళ్ళాం. నాలుగు డజన్లు తీసుకుంటే రేటు తగ్గుతుందన్నాడు. రెండు డజన్లు నాకు, రెండు డజన్లు వంటింటికి. అన్నీ ఒకే సైజు, అన్నిటికీ ఒకటే నీలం మూత. బేరం కుదిరిందన్న సంతోషంలో ఇద్దరికీ ఏ అనుమానమూ రాలేదు.

శని, ఆదివారాలు రెండూ నేల మీద బాసింపట్టు వేసుక్కూర్చున్నాను. గోధుమ, నలుపు, ఎరుపు గీతలుంటే ఆ రెసిస్టరు వెయ్యి ఓములు. ఎరుపు స్థానంలో నారింజ ఉంటే పదివేలు. ట్యూబులైటు కింద, నలభై దాటిన కళ్ళతో, రెండు మిల్లీమీటర్ల లావు కూడా లేని పుల్ల మీద ఎరుపేదో నారింజేదో తేల్చడం కంటే బియ్యంలో రాళ్ళు ఏరడం నయం. అనుమానం వచ్చిన ప్రతిదాన్నీ మీటరు పెట్టి చూశాను. ఆదివారం రాత్రికి ఇరవై నాలుగు డబ్బాలూ బీరువా అరల్లో సైనికుల్లా నిలబడ్డాయి. పేర్లు రాస్తే అందం పోతుందని మూతల మీద మార్కరుతో నంబర్లు మాత్రం వేశాను. ఏ నంబరులో ఏముందో ఒక నోటుబుక్కులో రాశాను. ఆ నోటుబుక్కు పోకుండా దాన్నీ ఒక డబ్బాలో పెట్టాను. ఏ డబ్బాలో పెట్టానో అది కూడా జాగ్రత్తగా రాసుకున్నాను. ఆ నోటుబుక్కులోనే.

సోమవారం అత్తయ్యగారు దిగారు. ఆవిడ ఏడాదికి సరిపడా కందిపప్పు, చింతపండు, ఆవకాయ, ఒక్క పురుగు చేరకుండా, ఒక్క బూజు చుక్క పట్టకుండా కాపాడే మనిషి. టీవీ చూడరు. మధ్యాహ్నం పడుకోరు. చేతిలో పని లేకపోతే ఆవిడకి తలనొప్పి వస్తుంది. ఆ మూడు ముక్కలూ నాకు పెళ్ళైన దగ్గర్నుంచీ తెలుసు. తెలిసీ ఆఫీసుకి వెళ్ళిపోయాను.

శుక్రవారం సాయంత్రం ఇంటికి రాగానే కాఫీ ఇస్తూ, "అల్లుడుగారూ, మీ గది కాస్త సర్దిపెట్టాను బాబూ," అన్నారు.

"సర్దే ఉంది కదండీ?"

"మూతల మీద ఏవో నల్ల మరకలున్నాయి. గిన్నెల సబ్బుతో రుద్దాను. పోలేదు. స్పిరిటు పెట్టి తుడిచాను. శుభ్రంగా పోయాయి."

కాఫీ గ్లాసు అక్కడే పెట్టి గదిలోకి నడిచాను. అద్దంలా మెరుస్తున్న ఇరవై నాలుగు నీలం మూతలు. మొదటిది తెరిచాను. రెసిస్టర్ల మధ్య నాలుగు ఎండిన వేపాకులు.

"పురుగు పట్టకుండా," అన్నారు వెనకనుంచి.

విలువల ప్రకారం నేను విడదీసినవన్నీ ఆవిడ మళ్ళీ కలిపేశారు. కలిపి, తన పద్ధతిలో వేరుచేశారు. చివర బంగారు రంగు గీత ఉన్నవన్నీ ఒక స్టీలు డబ్బాలో భద్రంగా పెట్టారు. బంగారు గీత లేని నీలంరంగువి ఒక పాత పాలిథిన్ సంచీలో మూట కట్టి మూలకి నెట్టారు. బంగారు గీత అంటే చెప్పిన విలువకి నూటికి అయిదు వంతులు అటూ ఇటూ ఉండొచ్చని. ఆ నీలంవాటికి చివర గోధుమ గీత ఉంటుంది, తేడా ఒక్క వంతే. ఖరీదూ వాటికే ఎక్కువ. ఈ సంగతి ఆవిడకి ఎలా చెప్పడం? బంగారం బంగారమే కదా.

ఐసీలు, అంటే చిప్పులు, నల్లటి ఫోముకి గుచ్చి పెట్టుకున్నాను. ఆ ఫోము కరెంటుని కాస్త పారనిస్తుంది, అందుకే వాటి కాళ్ళకి స్టాటిక్ కరెంటు తగిలి అవి పాడవవు. "ఆ స్పాంజి మసి పట్టింది బాబూ, పారేశాను," అన్నారు. దాని బదులు తెల్లటి థర్మోకోల్ ముక్క మీద వరసలు వరసలుగా గుచ్చారు, బొమ్మల కొలువులాగా. స్టాటిక్ పుట్టించడంలో థర్మోకోల్‌ని మించింది లేదు. కాయిల్స్ చుట్టుకునే రింగులు, ఎర్రవి ఒక రకం, పసుపువి ఇంకో రకం, అన్నీ కలిపి దారానికి దండ గుచ్చి మేకుకి తగిలించారు. నిజం చెప్పొద్దూ, ఇది బావుంది. ఇప్పటికీ అలాగే ఉంచాను. కోయాక్స్ కేబులు మాత్రం మోచేతికి బిగించి చుట్టి, కొబ్బరితాడులా ముడేశారు. ఆ కేబులు అంత బిగువుగా వంగితే లోపలి తీగ పక్కకి జరుగుతుంది. ముడి చూస్తుంటే నా మెడకే బిగిసినట్టనిపించింది.

"చాలా బావుందండీ అత్తయ్యగారూ," అన్నాను. ఇంకేమంటాను?

ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఆ గదిలో వెతుకులాట పెట్టుకోలేదు. బుధవారం రాత్రి రైలెక్కించాం. మర్నాడు పొద్దున మా ఆవిడ ఉప్మాకి పోపు పెట్టబోయింది. నూనె కాగింది, ఆవాలు చిటపటలాడాయి, నీలం మూత తీసి చెంచాతో శనగపప్పు తీసింది. శనగపప్పుకి కాళ్ళుండవని ఆఖరి క్షణంలో గుర్తొచ్చి ఆగింది. సిరామిక్ కెపాసిటర్లు. బాండీ మీద చెంచా అలాగే పట్టుకుని నన్ను పిలిచిన గొంతుకి రేడియో అవసరం లేదు.

అసలు కథ ఆదివారం. పొద్దున్నే 40 మీటర్ల బ్యాండులో హ్యామ్ మిత్రులం రేడియో మీద కలుస్తాం. దాని కోసం మా అపార్టుమెంటు డాబా మీద ఇరవై మీటర్ల తీగ కట్టుకున్నాను, అది నా యాంటెన్నా అని కింద ఫ్లోరువాళ్ళకి తప్ప అందరికీ తెలుసు. వాళ్ళకి అది దండెం. ఆరోజు ఎవరిదో తడి దుప్పటి బరువుకి కేబులు లాగేసి కనెక్టరు ఊడి చేతికొచ్చింది. పీఎల్-259 అని వెండిరంగు కనెక్టరు. నా దగ్గర తప్పకుండా ఉంది. ఎక్కడ?

నోటుబుక్కు కోసం ఇరవై నాలుగు డబ్బాలూ తెరిచాను. లేదు. వంటింట్లో ఇరవై నాలుగూ తెరిచాను. రెండు గంటలు గడిచాయి. రేడియోలో మిత్రుల కలయిక అయిపోయింది. మంచం కింద పెళ్ళి బాక్సులు ఉన్న రోజుల్లో ఇది అర నిమిషం పని.

"అమ్మకి ఫోన్ చేయండి," అంది మా ఆవిడ.

చేశాను.

"అత్తయ్యగారూ, వెండిలా మెరుస్తూ ఉంటుంది. గుండ్రంగా తిరిగే మూతలాంటిది, మధ్యలో సూదిలా పొడుచుకొచ్చి..."

"కుక్కరు వెయిట్లా?"

"కుక్కరువి కాదండీ."

"నేనలాగే అనుకున్నాను బాబూ. ఒక్క కొంపలో తొమ్మిది వెయిట్లెందుకా అని కూడా అనుకున్నాను. వంటింట్లో పై అర, ఎడమ నుంచి మూడో డబ్బా. గ్యాస్కెట్ కింద చూడండి."

గ్యాస్కెట్ కింద తొమ్మిది. నాకు రెండే గుర్తు. ముందు కొన్నవి దొరక్క మళ్ళీ కొన్నవి మిగతావి. అయితే ఎస్‌పి రోడ్డు నుంచి ఆ ఏడూ తెచ్చిన కాలంలో కూడా అన్నీ దొరికేవని ఇన్నాళ్ళూ గట్టిగా వాదిస్తూ వచ్చానే!

ఆ తర్వాత వారానికి రెండుసార్లయినా ఒంగోలుకి ఫోన్ చేస్తున్నాను. ఫ్యూజులంటే, "గాజు పురుగుల్లాంటివి, అగ్గిపెట్టెలో." హీట్ సింక్ అంటే, "ఇడ్లీ స్టాండు వెనక, దువ్వెన లాంటిది." ఒక్కటీ తప్పు పోలేదు. ఒక్కటే దక్కలేదు. హైదరాబాద్ హ్యామ్ అష్హర్ ఫర్హాన్ 2003లో బిట్‌ఎక్స్ అని ఒక ట్రాన్సీవర్, అంటే మాట్లాడడానికీ వినడానికీ పనికొచ్చే రేడియో సెట్టు, డిజైన్ చేశారు. మామూలు కొట్లలో దొరికే భాగాలతో ఎవరైనా కట్టుకోవచ్చు, అందులో ఒక కాయిల్‌ని కుళాయి వాషరు మీదే చుట్టొచ్చు. దానికోసం మంచి నైలాన్ వాషరు ఒకటి ఏరి దాచుకున్నాను. అది ప్లంబరు అడిగితే ఇచ్చేశారట. మా వంటింటి కుళాయి ఇప్పుడు కారడం లేదు.

మొన్న సిగ్గు విడిచి అడిగేశాను.

"అత్తయ్యగారూ, డబ్బాల్లో ఒక నోటుబుక్కు ఉండాలి. చిన్నది, ఎర్రట్ట."

"అయ్యో, అదా! వెనక కాగితాలన్నీ ఖాళీగా ఉన్నాయని పాల లెక్క రాసుకోవడానికి నేనే తెచ్చుకున్నాను బాబూ. ముందు ఏవో అంకెలు వేసి రాశారు. చదవమంటారా?"

ఇక్కడ డబ్బాల మీద నంబర్లే లేవు. అయినా చదవమన్నాను. కళ్ళజోడు తెచ్చుకుని ఒకటి నుంచి మొదలుపెట్టారు. ట్రాన్సిస్టర్లు, డయోడ్లు, క్రిస్టళ్ళు, కూడబలుక్కుంటూ వస్తున్నారు. పదహారు దాటాక ఆగారు.

"పదిహేడు దగ్గర 'ఈ పుస్తకం' అని రాసుంది. ఏ పుస్తకం బాబూ?"