సత్రం ఖాళీ చేయని యాత్రికులు

తిరుపతిలో దాతలకు ఏనాడూ కొదవ లేదు గాని, ఆరేళ్ళు వాడి అరగదీసిన ల్యాప్‌టాప్‌ను కొబ్బరికాయ కొట్టి మరీ దానం చేసిన మహానుభావుడు నాకు తెలిసి మా బావమరిది ఒక్కడే. చంద్రగిరి పక్క పల్లె నుంచి డిగ్రీ చదవడానికి వచ్చిన ఒక పిల్లవాడికి, బంధుమిత్రుల సమక్షంలో, షామియానా ఒక్కటే తక్కువగా ఆ ఉత్సవం జరిగింది. మూతకు పసుపు రాసి కుంకుమ పెట్టారు. ఆ కుంకుమ కొంత కీబోర్డు సందుల్లోకి దిగి నేటికీ అక్కడే ఉంది. పిల్లవాడు పుచ్చుకోబోయిన ప్రతిసారీ దాతగారు "ఉండబ్బా, ఫోటో సరిగా పడలా" అంటూ వెనక్కి లాక్కొని, నాలుగో విడతకు గాని వదల్లేదు. లోపలున్నవన్నీ తీసేశావా అని అడిగిన పాపానికి నన్ను జాలిగా చూసి, "అంతా డిలీట్ కొట్టేసినా బావా, రీసైకిల్ బిన్ గూడా ఖాళీ చేసినా" అన్నాడు.

ఈ ఊరివాళ్ళకు సత్రం సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. హార్డ్ డిస్కులో డిలీట్ చేసే పనల్లా సత్రం రిజిస్టరులో యాత్రికుడి పేరు కొట్టేయడమే. పేరు కొట్టేసినంత మాత్రాన లోపల ముసుగుతన్ని పడుకున్నవాడు లేచిపోడు. కొత్త యాత్రికుడు వచ్చి అదే మంచం ఎక్కేదాకా గురకపెడుతూ అక్కడే ఉంటాడు. క్విక్ ఫార్మాట్ చేయడమంటే పాత రిజిస్టరు తీసేసి కొత్తది పెట్టడం, అంతే. గదుల జోలికి ఎవరూ పోరు. 2003లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం విద్యార్థులు ఇద్దరు తాము కొన్న 158 పాత డిస్కుల సంగతి ప్రకటించారు. వాటిలో పనిచేసినవి 129 కాగా, సరిగా తుడిచినవి 12. ఆ తర్వాత ఈ విద్యకు మనవాళ్ళు చేసిన చేర్పు కొబ్బరికాయ.

రెండు నెలలకు ఆ పిల్లవాడు, దాత ముందుకు వెళ్ళే ధైర్యం లేక, ల్యాప్‌టాప్‌ను చంకన పెట్టుకొని మా ఇంటికి వచ్చాడు. పొరపాటున చెరిపేసుకున్న తన ప్రాజెక్టు కోసం ఉచితంగా దొరికే రికవరీ సాఫ్ట్‌వేర్ ఒకటి నడిపితే, ప్రాజెక్టుతోపాటు మా వంశమంతా లేచి కూర్చుంది. తిరుపతిలో కాపురముండేవాడికి చుట్టాలు ఎందుకు ఫోను చేస్తారో పాఠకులకు తెలుసు. 300 రూపాయల దర్శనం టికెట్టుకని అందరూ ఆధార్ కార్డులు ఫోటో తీసి పంపుతారు. పలమనేరు పెదనాన్న, మదనపల్లె మరదలు, బెంగళూరులో ఆమె ఇంటి ఓనరు, ఆ ఓనరుగారి అత్తగారు, అందరూ పేర్లు పోయి అంకెలు మిగిలిన ఫైళ్ళుగా వరుసలో నిలబడి ఉన్నారు. "సార్, దీంట్లో మీరు గూడా ఉండారు, అప్పుడు మీకు జుట్టు ఉండింది" అన్నాడు ఆ పిల్లవాడు, ఎంతో మర్యాదగా.

ఆ తర్వాత తెరుచుకున్నది మా బావమరిది ఇంట్లో పైపోర్షనులో అద్దెకుండే టీచరమ్మ స్కానింగు రిపోర్టు. ప్రింటు తీసివ్వమని ఒకనాడు పంపి ఉంటుంది. పిల్లవాడు చటుక్కున మూసి తల దించుకున్నాడు. ఇరవై ఏళ్ళు నిండని వాడికి ఉన్న సిగ్గు దాతగారికి లేకపోయింది. ల్యాప్‌టాప్ నీది, దానం చేసుకో, దండ వేయించుకో. ఆ రిపోర్టు నీదా? నిన్ను నమ్మి పంపిన ఆడమనిషి కడుపులోని సంగతిని పసుపు రాసి ఊరి పిల్లవాడి చేతిలో పెట్టడానికి నువ్వెవడివి? ఆ వచ్చినవాడు మంచివాడు కావడం మన అదృష్టం, నీ జాగ్రత్త కాదు. అన్నట్టు, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సొంత పనులకూ ఇంటి అవసరాలకూ వర్తించదు గనుక, ఆ చట్టం దృష్టిలో మావాడు నిర్దోషి.

నిలదీస్తే, "35 సార్లు తుడిచి రాయాలంట గదా, ఎవురికుంది ఓపిక?" అన్నాడు. ఆ 35 లెక్క 1996లో పీటర్ గుట్మన్ అనే కంప్యూటర్ పరిశోధకుడు అప్పటి డిస్కులను దృష్టిలో పెట్టుకొని చెప్పినది. ఇప్పటి హార్డ్ డిస్కు అంతటా పాతదాని మీద ఒక్కసారి కొత్తగా రాస్తే చాలు. నేనూ పిల్లవాడూ అతని ప్రాజెక్టును పెన్‌డ్రైవులోకి తీసిపెట్టి, పాత ఖాతాలన్నిటి నుంచి బయటికొచ్చి, విండోస్ రీసెట్‌లో అన్నీ తొలగించమని చెప్పి, దాని లోపల ఎవరికీ కనిపించని మూలలో ఆఫ్‌లో ఉండే, డేటాను శుభ్రం చేసే మీటను కూడా ఆన్ చేసి పడుకున్నాము. అది తెల్లవార్లూ నడిచింది. హార్డ్ డిస్కు బదులు చిప్పుల్లో దాచుకునే ఎస్‌ఎస్‌డీ అయి ఉంటే వేరే దారి తొక్కవలసి వచ్చేది. అందులో పైన రాసినది ప్రతి మూలకూ చేరుతుందన్న నమ్మకం లేదు గనుక, ముందే ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే తాళంచెవి లేనిదే ఎవరూ చదవలేని లిపిలోకి మార్చి పెట్టుకోవడమో, తయారీదారు ఇచ్చే ఎరేజ్ సాధనం వాడడమో చేయాలి.

ఇదంతా మా బావమరిదికి వివరంగా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. పాత ఫోను మాటేమిటని అడిగితే, దానిని పోయిన వారమే వీధిలోకి వచ్చినవాడికి ఇచ్చి స్టీలు గిన్నె తీసుకున్నాడట. రెండు లీటర్లు పడుతుందట, అడుగు మందమట.