బ్రాడీపేటలో పసుపు పెన్సిలు

ఎం.ప్లాన్‌లో రీజనల్ ప్లానింగ్ చదువుతున్నానంటే మా చుట్టాలందరూ "ఇళ్ల ప్లాన్లా?" అంటారు. "ఇళ్లకి కాదు పిన్నీ, జిల్లాలకి" అన్నానోసారి. పిన్ని కాసేపు ఆలోచించి, "అయితే జిల్లాకి ఈశాన్యం మూల ఏమొస్తుందిరా? అక్కడ బరువు పెట్టకూడదు కదా!" అంది.

జిల్లా సంగతి దేవుడెరుగు. మొదటి ఏడాది నా చేతిలో పెట్టింది గుంటూరు బ్రాడీపేటలో నాలుగు అడ్డరోడ్లు. ఏ స్థలాన్ని దేనికి వాడుతున్నారో చూసి మ్యాపులో రంగులు వెయ్యాలి. ఇళ్లకి పసుపు, వ్యాపారానికి నీలం, బడులకీ ఆస్పత్రులకీ ఎరుపు, పార్కులకి ఆకుపచ్చ. ఇంతే కదా అనుకున్నా. పైగా బ్రాడీపేట గళ్ల నోటుపుస్తకంలా ఉంటుంది. 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. అక్కడ దారి తప్పాలంటే దానికీ టాలెంట్ ఉండాలి.

మొదటి బిల్డింగ్ దగ్గరే నా పొగరు దిగింది. కింద మెడికల్ షాపు, పైన ల్యాబు, ఆ పైన ఓనరుగారు, ఆ పైన లేడీస్ హాస్టలు, డాబా మీద సెల్ టవరు, టవరు కింద ఆరబెట్టిన వడియాలు. ఫారంలో గడి మాత్రం ఒక్కటే. పదకొండు కొట్టేసరికి నీలం పెన్సిలు బొటనవేలంత అయింది. పసుపుది కొన్నది కొన్నట్టే ఉంది.

రోడ్డు వెడల్పు కూడా రాయమన్నారు. అక్కడే చెడింది. టేపు ఒక కొస కాలవ గట్టు మీద రాయి కింద పెట్టి, రెండోది ఎదురు గోడ దాకా లాగానో లేదో, కిళ్లీకొట్టాయన సోడా కేసులు లోపలికి జరపడం మొదలుపెట్టాడు. పక్కింటాయన పరుగున వచ్చి తన గేటు ముందు ర్యాంపు మీద నిలబడి, అది కనపడకుండా లుంగీ ఇంకాస్త కిందికి దించాడు.

1992 నాటి 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూల్లో, మున్సిపాలిటీల పనుల జాబితాకి పట్టణ ప్రణాళికే మొదటి మాట. నేనది పరీక్ష కోసం బట్టీపట్టాను. వీధిలో వాళ్లకి ఆ బాధ లేదు, టేపు కనపడితే చాలు.

"ఎన్నడుగులు పోతుందండీ?"

"ఏమీ పోదండీ, నేను స్టూడెంటుని."

"మొదట్లో అందరూ అలాగే అంటారు."

ఓ మామ్మగారు గ్లాసుడు మజ్జిగ తెచ్చింది. "ఎండనపడి వచ్చావు, తాగు నాయనా. మా వైపు పాతకాలం అరుగులు. కొలుచుకుంటే అటు కొలుచుకో" అంది. అది విని ఎదురింటాయన కాఫీ పంపించాడు. రెండూ తాగాను. మజ్జిగ మీద కాఫీ కడుపుకీ మంచిది కాదు, పేరుకీ మంచిది కాదు.

ఆ వీధి మొత్తానికి అచ్చంగా ఇల్లు లాంటి ఇల్లు మామ్మగారిదొక్కటే. సంబరంగా పసుపు పెన్సిలు తీసి మొన ఆనించానో లేదో, "అయ్యయ్యో, నా కొంపకే గీత పెట్టాడమ్మా!" అని ఆవిడ అరుగు మీద చతికిలబడింది. జనం మూగారు. టెన్షన్లో నోరు జారాను. "పసుపంటే కొట్టేసేది కాదు మామ్మగారూ, ఉండేది!"

ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత మెడికల్ షాపాయన నా భుజం మీద చెయ్యేశాడు. "అయితే మాకూ పసుపే వెయ్యి బాబూ."

టేపు చుట్టుకోవడం కూడా కుదర్లేదు, ఈడ్చుకుంటూ లైను చివరిదాకా నడిచాను.

రాత్రి నాన్న స్నేహితుడి ఫోను. ఆయనకి ఆ పక్క రోడ్డులో హాస్టలుంది. "బ్రాడీపేటలో ఎవడో కుర్రాడు పసుపు వేస్తున్నాడంట. మజ్జిగా కాఫీ రెండూ ఇస్తేగానీ కదలడంట. మనవాడు ప్లానింగే కదా, రేపు వచ్చి వాడితో ఓ మాట చెప్పమనండి."

నాన్న సరేనన్నాడు. నాకింకా రెండు అడ్డరోడ్లు మిగిలే ఉన్నాయి.