ముప్పై సెకన్ల లెక్కలో ఇమడని సంగీతం

స్పాటిఫైలో ఒక ట్రాకును ముప్పై సెకన్లు వింటే ఒక ప్లే పడుతుంది. ఆ తర్వాత ఆపేసినా, నలభై నిమిషాలూ విన్నా డబ్బు లెక్క మారదు. ఇది చాలామందికి తెలిసిన సంగతే. నెమ్మదిగా సాగుతూ మన చుట్టూ ఒక వాతావరణాన్ని అల్లే యాంబియెంట్ సంగీతం చేసే నాలాంటివాళ్లను ఈ ఒక్క నిబంధన ఎంతగా నలిపేస్తోందో మాత్రం బయటివాళ్లకు పట్టడం లేదు. రెండున్నర నిమిషాల ట్రాకులు పదహారు ఉన్న ఆల్బమును ఒకరు పూర్తిగా వింటే పదహారు ప్లేలు. అదే నలభై నిమిషాలను ఒకే ట్రాకుగా పెట్టిన మనిషికి ఒకటి. విన్న సమయం అంతే, లెక్కలోకి వచ్చేది పదహారో వంతు. పైగా 2024 నుంచి, గడిచిన పన్నెండు నెలల్లో కనీసం వెయ్యి ప్లేలు లేని ట్రాకుకు రికార్డింగ్ రాయల్టీ, అంటే ఆ రికార్డింగుకు రావలసిన వాటా డబ్బు, అసలే రాదు. ఏ కంపెనీ అండా లేకుండా సొంతంగా సంగీతం చేసుకునేవాళ్లకు ఆ వెయ్యి ఎంత దూరమో వేరే చెప్పాలా?

దాంతో ఏమవుతోంది? అందరూ కత్తెర పట్టుకుంటున్నారు. ప్లేలిస్టులు తయారుచేసే ఒకరు నాకూ అదే సలహా ఇచ్చారు: మూడేసి నిమిషాల ముక్కలు చేయండి, మొదటి పది సెకన్లలోనే ఏదో ఒకటి జరగనివ్వండి అని. మర్యాదగానే చెప్పారు, నా మేలు కోరే చెప్పారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ముక్కలు చేస్తే, డబ్బు కట్టకుండా వినేవాళ్లకు ఆ ముక్కల మధ్య ప్రకటన వచ్చి పడుతుంది. పావుగంటసేపు శ్రమపడి శ్రోత చెవిని సన్నటి శబ్దాలకు అలవాటు చేస్తే, ఎవరో వచ్చి బీమా పాలసీ గురించి అరిచి వెళతారు. ఆ తర్వాత ఇక ఏ సంగీతం వినిపిస్తుంది?

ఈ సంగీతంలో నిడివి అలంకారం కాదు, నిర్మాణమే అది. 1978లో ఇంగ్లండు సంగీతకారుడు బ్రయన్ ఈనో విమానాశ్రయాలను ఊహించుకుని చేసిన రికార్డునే తీసుకోండి. యాంబియెంట్ అన్న పేరు స్థిరపడింది ఆ రికార్డుతోనే. అందులో ఒక భాగమంతా మనుషుల గొంతులే, ఒక్కో టేపు లూపు మీద, అంటే రెండు కొసలూ అతికించి మళ్లీ మళ్లీ తిరిగేలా చేసిన టేపు మీద, ఒక్కో స్వరం. ఒక లూపు దాదాపు ఇరవై మూడున్నర సెకన్లకు, మరొకటి ఇరవై ఆరుకు కాస్త తక్కువగా, ఇంకొకటి ముప్పైకి కాస్త తక్కువగా మళ్లీ మొదటికి వస్తాయి. టేపు ఎంత పొడవంటే, స్టూడియోలోని అల్యూమినియం కుర్చీల చుట్టూ తిప్పాల్సి వచ్చిందని ఆయనే చెప్పారు. నిడివులు కలవవు కాబట్టి స్వరాలు ఒకసారి దగ్గరవుతాయి, మరోసారి దూరమవుతాయి, ఏ రెండు కలయికలూ ఒకేలా ఉండవు. వినవలసింది ఆ కలయికలనే. ఆ మూడో లూపు మొదటి చుట్టు పూర్తయ్యేసరికి ప్లే లెక్క ముగిసిపోతుంది! సంగీతం ఇంకా మొదలే కాలేదు.

సంగీతకర్త పాలీన్ ఒలివెరోస్ 1988లో అమెరికాలో ఒక ఖాళీ భూగర్భ నీటి తొట్టెలోకి తోటి సంగీతకారులతో కలిసి అకార్డియన్ (చేతుల మధ్య తిత్తి సాగదీస్తూ వాయించే వాద్యం) తీసుకుని దిగారు. అక్కడ ఒక్క స్వరం పలికిస్తే అది పూర్తిగా అణగిపోవడానికి 45 సెకన్లు పట్టేది. వాయించేవాళ్లు తమ పాత స్వరాలతో తామే కలిసి వాయించాలి. దానిని ముప్పై సెకన్ల కొలతలో ఎలా ఇముడుస్తారో ఆ సలహాదారులే చెప్పాలి.

ఇక రెండో బాధ, నిద్ర ప్లేలిస్టులు. ఈ సంగీతం ఎంత ఆసక్తి కలిగిస్తుందో అంతగా పట్టించుకోకుండా వదిలేయడానికీ వీలుండాలని ఈనో రాశారు. అందులో రెండో సగం పట్టుకుని మొదటి సగాన్ని అందరూ గాలికి వదిలేశారు. నిద్ర పట్టడానికి వినడం తప్పని నేననను. బాధలో ఉన్న మనిషికి రాత్రి ఒక గంట కునుకు దొరికితే అది చిన్న విషయం కాదు. అయితే పనిగట్టుకుని చేసిన కృతిని ఫ్యాను హోరు రికార్డింగు పక్కన పడేసి, రెండూ ఒకటే అనడం అన్యాయం.

కంప్యూటరే చేసేస్తుంది కదా అనేవాళ్ల కోసం ఒక్క శబ్దం సంగతి చెబుతాను. కాంటాక్ట్ మైకు గాలిలోని శబ్దాన్ని కాదు, తాకిన వస్తువులోని కంపనాన్ని పట్టుకుంటుంది. వాన పడుతుండగా దానిని కిటికీ ఊచకు అంటించాను. చెవికి టక్కుమని వినిపించే చినుకు, మైకులో లోతైన గంటలా మోగింది. అందులో నాలుగు సెకన్లు తీసుకుని, సెకనులో ఇరవయ్యో వంతు రేణువులుగా విడగొట్టి, ఒకదాని మీద ఒకటి పేరుస్తూ, కంప్యూటర్ ఆ రికార్డింగును చదివే చోటును అతి నెమ్మదిగా ముందుకు జరిపాను. చినుకు దెబ్బ మాయమై ఇనుము లోపలి మోత మాత్రం మిగిలింది. అది ఎనిమిది నిమిషాలు సాగింది. ఆ మోతలో కింది స్థాయిలో, 200 హెర్ట్‌జ్ దగ్గర బురదలా పేరుకున్న శబ్దాన్ని ఎంత తీయాలి, ఎంత ఉంచాలి అన్నది ఏ మీటా చెప్పదు. రాత్రికి చెవి అలసిపోతుంది, తెల్లవారాక వింటేనే తెలుస్తుంది. ఫ్రెంచ్ సంగీతకర్త ఎలియాన్ రాడిగ్ ఒకే ఒక్క ఏఆర్‌పీ 2500 సింథసైజర్‌తో (విద్యుత్తుతో శబ్దాలు పుట్టించే వాద్యం) దాదాపు మూడు దశాబ్దాలు గడిపారు. మూడు గంటలకు చేరువైన కృతిలో మార్పు వచ్చినట్టే తెలియకుండా మార్చడం, దాదాపు కనబడని ఆ చేతిపని, మీట నొక్కితే వచ్చేది కాదు.

అందుకే అడుగుతున్నాను, నచ్చితే కొనండి. కళాకారుల నుంచి నేరుగా సంగీతం కొనుక్కునే సైటు బ్యాండ్‌క్యాంప్‌లో డిజిటల్ అమ్మకాల మీద వాళ్ల వాటా 15 శాతం. 2020 మార్చిలో మొదలైన ప్రత్యేక శుక్రవారాల్లో ఆ వాటా కూడా వదులుకుంటారు. ఆ సంస్థ కూడా 2022లో ఒకసారి, 2023లో మరోసారి చేతులు మారింది, రెండోసారి సగం మంది ఉద్యోగులు రోడ్డున పడ్డారు. కాబట్టి దానినీ శాశ్వతమని నమ్మలేను. అయినా అక్కడ ఒక్కరు ఒక ఆల్బమ్ కొంటే వచ్చే డబ్బు స్ట్రీమింగులో రావాలంటే వందలూ వేలూ ప్లేలు కావాలి. ఫైలు కూడా మీ దగ్గరే ఉంటుంది, మధ్యలో ఎవరూ అరవరు.

ప్లేలిస్టులు చేసేవాళ్లకు ఒక్క మనవి: ముక్కలు అడగకండి, పొడవైన కృతులకే వేరే ప్లేలిస్టు పెట్టండి. పది ట్రాకులు చాలు. వినేవాళ్లు ఉన్నారు, నాకు ఉత్తరాలు రాస్తున్నారు. మీరు ఈ మధ్య మొదటి నుంచి చివరి దాకా విన్న సుదీర్ఘ ట్రాకు, పెద్దగా ఎవరికీ తెలియనిది ఏదైనా ఉంటే నాకు చెప్పండి. వచ్చే శుక్రవారం కొనడానికి జాబితా రాసుకుంటున్నాను.