గట్టిగా నొక్కవ్వా!

ముసలితనం గురించి మన నెల్లూరు, ఒంగోలు కౌంటర్లలో ఒకటే శాస్త్రం నడుస్తోంది. దాని పేరు 'గట్టిగా'. వేలిముద్ర పడకపోతే గట్టిగా నొక్కాలి. మాట వినపడకపోతే గట్టిగా అరవాలి. ఈ శాస్త్రం ప్రాక్టికల్స్ చూడాలంటే లైఫ్ సర్టిఫికెట్లు (పెన్షనుదారు బతికే ఉన్నారని చూపే కాగితాలు) తీసే చోటికి పోతే చాలు, టికెట్టు లేదు.

పొగాకు కంపెనీలో ముప్పై ఏళ్లు గ్రేడింగ్ చేసి ఈపీఎఫ్ పెన్షను తెచ్చుకునే అవ్వను ఊహించుకోండి. 'బొటనవేలు పెట్టవ్వా.' ఎర్ర లైటు. 'గట్టిగా నొక్కు.' మళ్లీ ఎర్ర లైటు. 'ఇంకా గట్టిగా!' అవ్వ కుర్చీలోంచి లేచి ఒంటి బరువంతా గాజుబిళ్ల మీద మోపింది. మెషీను జారి ఫైళ్ల కిందికి దూరింది. వెనక వరసలో తాత వచ్చి మెషీనును పట్టుకున్నాడు. అవ్వ నొక్కుతోంది, తాత పట్టుకున్నాడు, కౌంటరు అబ్బాయి అరుస్తున్నాడు. అవ్వ బతికుందని మాత్రం మెషీను ఒప్పుకోలేదు. 'నేను ఈడ్నే ఉండా గదా నాయనా' అంది అవ్వ. దానికి స్క్రీను మీద బటన్ లేదు.

వయసు పైబడితే చర్మం బిగువు పోయి వేలిగీతల గట్లు చదునవుతాయి. చెమటా నూనే తగ్గి వేలు ఎండుతుంది. ఆపైన ఏళ్ల తరబడి ఆకు తడిమిన చేయి. ఇసకపల్లి ఉప్పు మడుల్లో పనిచేసినా, చీమకుర్తిలో రాయి ఎత్తినా ఇదే కథ. ఆ కాస్త గట్లనూ గట్టిగా నొక్కితే పరుచుకుని ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. పడేది ముద్ర కాదు, మచ్చ. గోరువెచ్చటి నీళ్లతో చేయి కడిగించి తుడవాలి. రవ్వంత కొబ్బరినూనె రాసి దాన్నీ తుడిచెయ్యాలి (మిగిలితే గాజు మసకబారుతుంది). వేలు తేలిగ్గా ఆనించమనాలి. ఒక వేలు పడకపోతే మిగతా తొమ్మిదీ చూడాలి, పని తక్కువ చేసిన చేతివి తక్కువ అరుగుతాయి. అప్పటికీ కాకపోతే 2021 నుంచి ముఖం చూపించే పద్ధతి ఉండనే ఉంది, వెలుతురు ఎదురుగా పడేట్టు కూర్చోబెడితే.

అరుపు సంగతీ అంతే. చెవిలో ముందు పోయేవి సన్నని శబ్దాలు. స, త, ప లాంటి హల్లులు చెదిరి అచ్చులు మిగులుతాయి. అరిస్తే పెరిగేవి ఆ అచ్చులే. 'ఓటీపీ చెప్పవ్వా' అని అరిస్తే అవ్వకు 'ఓ... ఈ... ఈ...' అని, రేవులో పడవను పిలిచినట్టు వినపడుతుంది. ఫ్యాను ఆపి, ఎదురుగా మొహం పెట్టి, గొంతు తగ్గించి నిదానంగా చెప్పొచ్చు. కానీ అది శాస్త్రంలో లేదు.

చివరికి అబ్బాయి అవ్వను వదిలేసి తోడొచ్చిన కొడుకు వైపు తిరుగుతాడు. 'ఈమెకు మతి ఉందా?'

ఉందయ్యా. తగ్గింది వేగం. చుట్టూ గోల జరుగుతుంటే ఓటీపీ ఆరంకెలు తలలో నిలుపుకోవడం కష్టం, నిజమే. ఇన్నేళ్ల పనితనం, మాట, మంచిచెడ్డల తెలివి ఎక్కడికీ పోలేదు. ఆకు చేతిలో పెట్టి చూడు, రంగూ మందమూ చూసి గ్రేడు చెప్తుంది, నీకది ఏ జన్మకూ తెలియదు! ఎదురుగా కూర్చున్న మనిషిని ఆమె మొహం మీదే మతి లేనిదాన్ని చేయడానికి సిగ్గుండాలి. అది కూడా దేనికోసం? 2014 సెప్టెంబరులో ఈపీఎఫ్ కనీస పెన్షను నెలకు 1,000 రూపాయలని ఖాయం చేశారు. పదేళ్లు దాటినా అది అక్కడే ఉంది. ఆ ఏడాది నవంబరులోనే జీవన్ ప్రమాణ్, అంటే ఈ మెషీను మీద తీసే లైఫ్ సర్టిఫికెట్, వచ్చింది. అప్పటి నుంచి మెషీన్లు మాత్రం మారుతూనే ఉన్నాయి.

అవ్వ ఎడమచేతి వేళ్లు ఇంతవరకూ ఎవరూ అడగలేదు.