ఎలిజబెత్ చార్లెస్ గురించి ఒక అభ్యంతరం
ఆంగ్ల రచయిత్రి ఎలిజబెత్ రండల్ చార్లెస్ (1828–1896) నవలలు కథ రూపంలో ఉన్న మత ప్రచారమే, అందుకే మరుగున పడ్డాయి అని ఆమె మీద వ్యాసం రాసిన ఒకరు అన్న మాటతో నేను ఏకీభవించను. ఆమె ప్రొటెస్టంట్ పక్షపాతం దాచినా దాగదు, అది ఒప్పుకోవలసిందే. కానీ 'షోన్‌బర్గ్-కోటా కుటుంబ గాథలు' చదివితే, పదహారో శతాబ్దంలో ప్రొటెస్టంట్ మత సంస్కరణకు నాంది పలికిన మార్టిన్ లూథర్ వేదిక మీద నిలబడిన మహాపురుషుడిగా ఎదురు కాడు. జర్మనీలోని ఐసెనాక్ ఊళ్లో చదువుకునే పేద కుర్రాడైన లూథర్‌ను కోటా ఇంటివారు ఆదరించారన్న చారిత్రక విషయాన్ని పట్టుకుని, ఆమె ఒక అచ్చుపనివాడి కుటుంబాన్ని అల్లింది. కథంతా వాళ్ల దినచర్యల్లోనే నడుస్తుంది. ఇంట్లో డబ్బుకు కటకట, తండ్రికి కొత్త యంత్రాల పిచ్చి, కొడుకు సన్యాసుల మఠంలో చేరితే తల్లడిల్లే చెల్లెలు. మత సంస్కరణ ముందు వంటింటి గడప దాటి, ఆ తర్వాతే చరిత్రలోకి వెళ్తుంది. ఒక్క ప్రచారం కోసమే అయితే ఇంత శ్రమ ఎందుకు? నిజానికి ఉపన్యాస ధోరణి మెథడిస్టు ఉద్యమ స్థాపకుడు జాన్ వెస్లీ కాలం మీద రాసిన కిట్టీ ట్రెవిలియన్ డైరీలో అక్కడక్కడ విసిగిస్తుంది, ఆ విమర్శ దానికి తగును. ఇక మరుగున పడటానికి వ్యాసం చెప్పని కారణం ఒకటి ఉంది: ఆమె పుస్తకాల ముఖపత్రాల మీద చాలాసార్లు ఆమె పేరే ఉండేది కాదు, 'షోన్‌బర్గ్-కోటా రచయిత' అని మాత్రమే వేసేవారు.